ఏడో రోజు యజమానిది కాదు

సండే స్కూల్లో పది ఆజ్ఞలు కంఠతా పట్టినవాళ్లం మనం. నాలుగో ఆజ్ఞ దగ్గరికొచ్చేసరికి "విశ్రాంతి దినము" అంటూ గబగబా అప్పజెప్పేసి, అమ్మానాన్నల్ని సన్మానించమనే ఐదో ఆజ్ఞలోకి దూకేసేవాళ్లం. ఆ నాలుగో ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల ఉంది. రెండు చోట్లా చెప్పిన కారణం ఒకటి కాదు. నిర్గమకాండము 20లో, దేవుడు ఆరు రోజుల్లో సృష్టి ముగించి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి మీరూ ఆగండి అని ఉంటుంది. ద్వితీయోపదేశకాండము 5లో సృష్టి ఊసే ఉండదు. మీరు ఐగుప్తులో బానిసలుగా బతికారు, దేవుడు చెయ్యి చాచి మిమ్మల్ని బయటికి తెచ్చాడు, అది మర్చిపోవద్దు, అందుకే ఈ రోజు అని ఉంటుంది.

నాకు ఈ రెండో కారణం అంటే ప్రాణం. ఎందుకో చెప్తాను.

మనిషి విలువ గురించి క్రైస్తవులు ఏమంటారు అని ఎవరైనా అడిగితే మనం వెంటనే ఆదికాండము 1:27 చూపిస్తాం. దేవుడు తన స్వరూపంలో మనిషిని చేశాడు. అన్నిటికీ పునాది అదే, సందేహం లేదు. కానీ ఆ ఒక్క వచనం చదివి ఊరుకుంటే అది గోడకి తగిలించిన వాక్య క్యాలెండరులా ఉండిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది, ఎవర్నీ ఏమీ అడగదు. నాలుగో ఆజ్ఞ అడుగుతుంది. నీ దగ్గర పనిచేసే మనిషిలో దేవుని స్వరూపం ఉందని నువ్వు నిజంగా నమ్మితే, వారంలో ఒక రోజు ఆమెను పిలవకు. ఆ రోజు ఆమె నీది కాదు. ఆజ్ఞలో జాబితా కూడా స్పష్టంగా ఉంది: నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ గాడిద, నీ ఊళ్లో ఉన్న పరదేశి. ద్వితీయోపదేశంలో ఇంకో మాట కలిపారు: నీ దాసుడు, దాసి కూడా నీలాగే విశ్రాంతి తీసుకోవాలి అని. "నీలాగే" అన్న ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఇది ఎలాంటి మాటో తెలియాలంటే నిర్గమకాండము ఐదో అధ్యాయం చదవాలి. మా ప్రజల్ని మూడు రోజులు అరణ్యానికి పోనివ్వండి, దేవుణ్ణి ఆరాధించుకుంటారు అని మోషే అడిగితే ఐగుప్తు రాజు ఫరో ఏమన్నాడు? మీరు సోమరులు, అందుకే ఆరాధన అంటున్నారు అన్నాడు. రేపటి నుంచి గడ్డి కూడా మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గడానికి వీల్లేదు అన్నాడు. పనిచేసేవాడు కాసేపు ఆగుతానంటే యజమాని నోటి నుంచి వచ్చే మొదటి మాట "సోమరి". మూడు వేల ఏళ్లు దాటినా ఆ మాట మారలేదు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. అమెరికన్ బాప్టిస్టు మిషను కాలంలో ప్రభువులోకి వచ్చిన మాదిగ కుటుంబం. మా వైపు క్లౌ దొర పేరు వినని క్రైస్తవుడు ఉండడు. ఆ మిషను పంపిన అమెరికా మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. వచ్చిన కొత్తలోనే ఒక చిక్కు వచ్చింది. మాదిగల్ని చేర్చుకుంటే మేము రాము అని పై కులాల వాళ్లు కొందరు తేల్చి చెప్పారు. ఆయన ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో ప్రార్థన చేసుకుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే చోటు తగిలిందట: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడు అనే వచనాలు. ఆ తర్వాత ఇక ఆలోచించలేదు.

1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని మనవాళ్లకి కూలి చూపించాడు. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు, కొలతలు తెలుసు. కరువు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె మా సండే స్కూలు పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

నాకు మాత్రం ఆ అంకె కన్నా, చేరేవాళ్లకి ఆయన పెట్టిన మూడు నియమాలు పెద్దవిగా కనిపిస్తాయి. మన విశ్రాంతి దినమైన ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. ఇంతే. ఇవాళ చదివేవాళ్లకి ఇవేవో మతం పెట్టిన ఆంక్షల్లా అనిపించవచ్చు. కానీ ఆ రోజుల్లో మాదిగ మనిషి బతుకు ఏమిటో పక్కన పెట్టుకుని చదవండి. ఊళ్లో గొడ్డు చస్తే లాగాలి. బావిలోంచి నీళ్లు తోడే కపిలకి తోలు కుట్టాలి, రైతుకి చెప్పులు కుట్టాలి, జాతరకి డప్పు కొట్టాలి. పిలిచినప్పుడల్లా పోవాలి, ఏ రోజని లేదు, ఏ వేళని లేదు. అలాంటి మనిషి "రేపు ఆదివారం, నేను రాను" అన్నాడంటే అతని నోటి నుంచి ఊరు విన్న మొదటి "రాను" అదే అయ్యుంటుంది. అందుకే ఊళ్లు ఊరుకోలేదు. పని మానిపించారు, నీళ్లకి అడ్డుపడ్డారు, చాకలినీ కుమ్మరినీ వాళ్ల దగ్గరికి పోవద్దన్నారు. వాళ్లకి కోపం వచ్చింది యేసు మీద కాదని నా అభిప్రాయం. ఆదివారం మీద.

బొంబాయి మిల్లు కార్మికులకి వాళ్ల నాయకుడు లోఖండే పోరాడి ఆదివారం సెలవు సాధించింది 1890లో. మరుసటి ఏడాది ఫ్యాక్టరీల చట్టంలోకి వారం సెలవు వచ్చింది. పొలంలో పనిచేసే జీతగాడికి ఏ చట్టం వచ్చింది? రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ కూడా 321లో ఆదివారాన్ని సెలవు చేస్తూ పట్నంలో వాళ్లకే ఇచ్చాడు, సేద్యం చేసేవాళ్లు పని చేసుకోవచ్చు అన్నాడు. భూమి దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా చెయ్యి రాదు.

మా తాత ఏసోబు ఒక రైతు దగ్గర సంవత్సరం జీతగాడు. ఉగాదికి మాట్లాడుకుంటే మళ్లీ ఉగాది దాకా. ఇన్ని బస్తాల గింజలు, రెండు పంచెలు, ఒక కంబళి. ఆదివారం మందిరానికి పోతానని తాత ముందే మాట తీసుకున్నాడు. అయినా ప్రతి శనివారం రాత్రి అది కొత్తగా అడగాల్సిందే. ఆదివారం కోడి కూయకముందే కొట్టంలో పేడ తీసి, చొప్ప వేసి, కుడితి పెట్టి, పాలు పితికి ఇచ్చి ఇంటికొచ్చేవాడు. గొడ్లకి సెలవుండదు కదా అనేవాడు. వేడినీళ్లతో కాళ్లు రుద్దుకుని, నాయనమ్మ పెట్టెలో మడిచి ఉంచిన పంచె కట్టుకుని మందిరానికి పరిగెత్తేవాడు. గంట కొట్టేది ఆయనే. గంటంటే ఇత్తడి గంట కాదు, వేపకొమ్మకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మొదటి గంటకి తయారవ్వాలి, రెండో గంటకి చాప మీద ఉండాలి.

రైతు ఇంట్లో చిన్నపిల్లలు కూడా తాతని "ఒరేయ్ ఏసిగా" అనేవాళ్లు. పలకడం తప్ప ఆయనకి వేరే దారి లేదు. మందిరంలో కానుకల పుస్తకం ఒకటి ఉండేది, పొడుగ్గా, కాలికో అట్టతో. నాయనమ్మ చనిపోయాక సంఘం వాళ్లు పాత పుస్తకాలు తీస్తుంటే అది నేను చేత్తో పట్టుకుని చూశాను. నీలి సిరా వెలిసిపోయింది, చెదలు ఒక మూల కొరికేశాయి. పంతులుగారి గుండ్రటి రాతలో వరుసగా పేర్లు. "ఏసోబు గారు – 0-4-0." నాలుగణాలు. ప్రతి ఆదివారం "గారు". పుస్తకం నిండా ఎవరికీ "గారు" తప్పలేదు, విధవరాలు మరియమ్మకీ "గారే". జనం ఒకళ్లనొకళ్లు ఎలా పిలుచుకోవాలో ఆ పంతులుగారికి ఎవరు నేర్పారో గాని, మనిషి విలువ గురించి నేను చదివిన ప్రసంగాలన్నిటికన్నా ఆ పేజీ నన్ను ఎక్కువ కదిలించింది.

"పనెగ్గొట్టడానికి దొరికింది మీకీ ఆదివారం" అని రైతు అనేవాడని నాయనమ్మ చెప్పేది. ఆయన బైబిలు చదివి ఉండడు. ఫరో మాటే అన్నాడు.

ఇక అమ్మ. నేను హైస్కూల్లో ఉండగా అమ్మ ఖద్దామా వీసా మీద కువైట్ వెళ్లింది, ఇంటిపనికి. అప్పు, అక్క పెళ్లి, నా చదువు. మన వైపు నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన వేలమంది ఆడవాళ్ల కథే. మొదటి ఇంట్లో అడుగుపెట్టగానే పాస్‌పోర్టు తీసుకున్నారు. సెలవు అనే మాటే లేదు. అమ్మ పేరు సుగుణమ్మ. ఆ పేరు నోరు తిరగక వాళ్లకి నచ్చిన ఇంకో పేరు పెట్టారు, ఆ పేరుతోనే పిలిచారు. ఉదయం ఐదున్నరకి లేస్తే రాత్రి పెద్దవాళ్ల చివరి టీ అయ్యేదాకా నిలబడే. ఫోన్లో ఏడ్చేది కాదు. "ఇవాళ ఏం వారమే?" అని అడిగేది. అది విని నాన్న ఫోను నా చేతికిచ్చేసి బయటికి వెళ్లిపోయేవాడు.

రెండో ఇంటివాళ్లు మంచివాళ్లు. శుక్రవారం సెలవిచ్చారు. కువైట్‌లో వారం సెలవు శుక్రవారం కాబట్టి చర్చిలు కూడా శుక్రవారమే నిండుతాయి. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అరబిక్, మలయాళం, తమిళం, తెలుగు, ఇంకా ఎన్నో భాషల సంఘాలు ఒకే రోజు ఆరాధన చేసుకుంటాయి. ఒక హాల్లోంచి ఒక భాష పాట, పక్క హాల్లోంచి ఇంకో భాష ప్రార్థన. అమ్మ మొదటి శుక్రవారం తోడు దొరికితే బస్సెక్కి అక్కడికి వెళ్లింది. గేటు దగ్గర ఒక రాజోలు ఆవిడ "వందనాలమ్మా, మీ పేరేంటి? ఏ ఊరు?" అని అడిగింది. అమ్మ తన పేరు తాను చెప్పుకోవడం ఆ దేశంలో అదే మొదటిసారి. ఆరాధన అయ్యాక కూడా అక్కడే ఒక మెట్టు మీద కూర్చుందట, సాయంత్రం దాకా. ఏం చేశావమ్మా అని అడిగితే "ఏం చెయ్యలేదు. ఎవరూ పిలవలేదు" అంది. సంతోషంగా చెప్పింది ఆ మాట, ఇప్పటికీ అలాగే చెప్తుంది.

లూకా 13లో పద్దెనిమిదేళ్లు నడుం వంగిపోయిన ఆడమనిషి ఉంది. యేసు ఆమెను విశ్రాంతి దినాన స్వస్థపరిస్తే సమాజమందిరపు అధికారికి కోపం వచ్చింది. మిగతా ఆరు రోజులున్నాయిగా, అప్పుడు రండి అన్నాడు. ప్రభువు ఇచ్చిన జవాబు చూడండి. విశ్రాంతి దినాన మీ ఎద్దునీ గాడిదనీ కట్టు విప్పి నీళ్లకి తోలుకుపోరా? అబ్రాహాము కుమార్తె అయిన ఈమె కట్టు ఇవాళ విప్పకూడదా? అన్నాడు. విప్పడానికి సరైన రోజు అదే అన్నట్టు. నాట్లు వేసి వేసి నడుం వంగిన మా ఊరి ఆడవాళ్లని చూసినప్పుడు నాకు ఆ కథ గుర్తొస్తుంది. "విశ్రాంతిదినము మనుష్యులకొరకే నియమింపబడెను గాని మనుష్యులు విశ్రాంతిదినముకొరకు నియమింపబడలేదు" అని మార్కు సువార్తలో ఆయనే చెప్పాడు.

అమ్మ తిరిగొచ్చాక, 2015లో, కువైట్ ఇంటిపనివాళ్ల కోసం చట్టం తెచ్చింది. రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. అమలు సంగతి వెళ్లినవాళ్లని అడగండి. అయినా కాగితం మీదైనా వచ్చింది. అంతకు ముందే 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల ఒప్పందం ఒకటి చేసింది, 189వ నంబరు. వారంలో వరసగా 24 గంటల విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

దేశం సంగతి అలా ఉంచండి. మన ఇళ్ల సంగతి మాట్లాడదాం, నేను ఇదంతా రాస్తున్నది అందుకే.

నేను ఇప్పుడు ఒంగోలులో ఉంటాను, ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. మా సంఘంలో చాలామంది ఉద్యోగస్తులు. బ్యాంకుల్లో, స్కూళ్లలో, కొందరి పిల్లలు హైదరాబాదులో, అమెరికాలో. జీతగాళ్ల మనవళ్లమే అందరం. ఇప్పుడు మన ఇళ్లల్లో పనిమనుషులున్నారు. ఆదివారం ఉదయం మన ఇళ్లల్లో వినిపించే మాట ఏమిటి? "ఇవాళ ఏడింటికల్లా వచ్చి చేసెళ్లిపో, చర్చికి టైమవుతుంది." మనం ఆరాధనకి వెళ్లడం కోసం ఆమె గంట ముందు లేవాలి. ఆదివారం గిన్నెలు కూడా రోజూ కన్నా ఎక్కువే. చికెను, పలావు, వచ్చే పోయే చుట్టాలు. మా వీధిలో నాలుగిళ్లలో చేసే ఒకావిడకి వారంలో అన్నిటికన్నా బరువైన రోజు ఆదివారమే. ఆ నాలుగిళ్లలో మూడు క్రైస్తవుల ఇళ్లు.

మొన్న స్త్రీల సమాజంలో ఈ మాట ఎత్తాను. మన ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి ఆదివారం సెలవిద్దాం, జీతం కొయ్యకుండా ఇద్దాం అన్నాను. వాళ్లు క్రైస్తవులైనా కాకపోయినా. ఆజ్ఞలో పరదేశి కూడా ఉన్నాడు, అతని మతం అడగలేదు.

కొంతమంది వెంటనే సరే అన్నారు. కొంతమందికి జీతం దగ్గర పట్టింపు వచ్చింది. నెలకి నాలుగు రోజులు మానేస్తే ఆ మేరకు తగ్గించాలి కదా అన్నారు. ఇక్కడ మన్నా సంగతి, అరణ్యంలో దేవుడు ఇచ్చిన ఆ తిండి సంగతి, గుర్తు చేశాను. నిర్గమకాండము 16లో ఆరో రోజున రెండు రోజుల మన్నా దొరికింది. ఆగమని చెప్పిన దేవుడు, ఆగిన రోజుకి తిండి కూడా ముందే ఇచ్చాడు. తిండి కోసి ఇచ్చే సెలవు సెలవు కాదు, పస్తు. తాతకి ఆదివారం గంటలు పట్టుకుని రైతు గింజలు కోసుంటే తాత మందిరానికి వచ్చేవాడా?

"మరి ఆదివారం గిన్నెలు ఎవరు తోముతారే?" అని ఒక పెద్దావిడ అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఎందుకంటే పనిమనిషి మానేస్తే ఆ గిన్నెలు తిన్నగా ఆ ఇంటి కోడలి చేతికి వస్తాయి. ఆజ్ఞలోని జాబితాలో భార్య పేరు విడిగా లేదు. "నువ్వు" అన్నదాంట్లో ఆమె కూడా ఉందనే నేను చదువుకుంటాను. కానీ మన ఇళ్లల్లో ఆమెని ఆ జాబితాలోంచి తీసేశామేమో అనిపిస్తుంది. చర్చిలో ప్రభువు బల్ల ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం తీసుకుని వచ్చిన మగవాళ్లు ఇంటికి రాగానే కంచం ముందు కూర్చుంటారు. "మీరు స్వతంత్రులుగా ఉండుటకు పిలువబడితిరి" అని గలతీ పత్రికలో పౌలు రాసిన వచనం మనకి బాగా ఇష్టం. అదే వచనం చివర "ప్రేమ కలిగినవారై యొకనికొకడు దాసులైయుండుడి" అని ఉంది. ఒకరికి ఇంకొకరు దాసులు. ఎప్పుడూ ఒకళ్లే కాదు. ఇంట్లో నలుగురుంటే నలుగురూ లేచి తలా ఒక కంచం కడిగితే అయిపోయే పని అది. అదే చెప్పాను ఆవిడకి. మా ఆయన, మా అబ్బాయి చేస్తున్నారు.

మా వీధిలో ఆవిడకి మూడిళ్లలో ఇద్దరం సెలవిచ్చాం. మొదటి ఆదివారం అయ్యాక సోమవారం వచ్చి, పొద్దున తొమ్మిది దాకా పడుకున్నానమ్మా అంది. సాయంత్రం మనవరాలి జడ తీరిగ్గా అల్లిందట, పేలు చూసిందట. ఇంకో ఇంటి అక్క ఇది విని నాతో "సెలవిస్తే మందిరానికొస్తుందనుకున్నాం, నిద్రపోయిందా?" అంది. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. మందిరానికి రావాలన్న షరతు మీద ఇస్తే అది మళ్లీ మన పనే అవుతుంది, గిన్నెలకి బదులు హాజరు. దేవుడు ఆమెకిచ్చిన రోజు అది. ఆ రోజుతో ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టం. వస్తే సంతోషం, చాప వేస్తాం, పేరు వెనక "గారు" పెట్టి పిలుస్తాం. రాకపోయినా వచ్చే ఆదివారం సెలవే.

మూడో ఇల్లు ఇంకా ఒప్పుకోలేదు. కోత పండుగ అయ్యాక సమాజం మళ్లీ కూడుతుంది. ఆదివారం సెలవు మాట ప్రకటనల్లో చదవమని పాస్టరుగారిని అడిగాను, ఆలోచిస్తానన్నారు. ఆయన ఆలోచించేలోపు ఇది చదువుతున్న మీరు మీ ఇంట్లో మాట్లాడండి. రాత్రికే, శనివారం దాకా ఆగకుండా. ఆమెకి కూడా ముందే చెప్పండి, జీతం తగ్గదని విడిగా చెప్పండి. చెప్పకపోతే ఆ భయంతోనే వచ్చేస్తుంది.